అనుకోకుండా ఒకసారి నెల తప్పాక, ఈసారి ఏది వాడాలి?

మా పాపకి ఏడో నెల నడుస్తుండగా నాకు మళ్లీ కడుపొచ్చింది. నెల తప్పింది అనడానికి కూడా లేదు, పురుడయ్యాక అసలు డేటే రాలేదు కాబట్టి. పాలిస్తున్నావుగా, రాదులే అని అత్తగారన్నారు, అమ్మ అంది, పక్కింటి పిన్నిగారూ అన్నారు. ముగ్గురూ ఒకే మాట అంటే నిజమే అయ్యుంటుందని నేనూ ఊరుకున్నా. అన్నం ఉడికే వాసన పడకపోతే గ్యాస్ అనుకున్నా. చివరికి ఎందుకో అనుమానం వచ్చి మెడికల్ షాపులో కిట్ తెప్పించి చూస్తే రెండు గీతలు.

ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని తీయించేసుకున్నాం. గుంటూరులోనే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఇంటికి పంపేటప్పుడు ఐరన్ బిళ్లలు రాశారు, యాంటీబయాటిక్ రాశారు, వారం తర్వాత రమ్మన్నారు, మళ్లీ రాకుండా ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ పరిస్థితిలో అది అడిగితే వీళ్లకి అప్పుడే అంత తొందరా అనుకుంటారేమోనని సిగ్గు. నిజానికి అడగాల్సింది ఆ బెడ్ మీద ఉన్నప్పుడేనని తర్వాత తెలిసింది. నాలాగా ఒకసారి దెబ్బ తిన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు. తర్వాత ఇద్దరు ముగ్గురు డాక్టర్లను, మా వార్డు ఏఎన్ఎం గారిని విసిగించి నేర్చుకున్నది, నేను వాడి చూసింది, చుట్టూ ఉన్న ఆడవాళ్లు చెప్పుకున్నది, అంతే.

మన దగ్గర ఈ విషయంలో ఒక విచిత్రం ఉంది. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. బిళ్లలు, కాపర్-టీ (గర్భసంచిలో పెట్టే చిన్న రాగి పరికరం), నిరోధ్, ఇంజెక్షన్ వాడేవాళ్లంతా కలిసినా రెండు శాతం కూడా లేరు. అంటే మనకి తెలిసినవి రెండే: ఏమీ వాడకుండా ఉండటం, లేదా ఆపరేషన్. పెళ్లికీ మొదటి బిడ్డకీ మధ్య, మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య, రెండో పురుడుకీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న ఖాళీని దేవుడి మీద వదిలేస్తాం. నాకు తెలిసి అనుకోని కడుపులన్నీ ఆ ఖాళీలో వచ్చినవే.

ముందు పోయినసారి ఎక్కడ తప్పిందో చూసుకోండి

ఏది మంచిది అని అడిగే ముందు, పోయినసారి ఏమైందో మీకు మీరే నిజం చెప్పుకోండి. ఎందుకంటే బిళ్లలు మర్చిపోయి కడుపు తెచ్చుకున్న మనిషికి ఇంకో కంపెనీ బిళ్లలు ఇస్తే మళ్లీ అదే జరుగుతుంది.

పాలిస్తే రాదనే మాట పూర్తిగా అబద్ధం కాదు, అదే దాంతో వచ్చిన చిక్కు. మూడూ ఒకేసారి ఉంటేనే అది పనిచేస్తుంది: బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, మీకు డేట్ మళ్లీ మొదలై ఉండకూడదు, బిడ్డకి పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. ఈ మూడూ ఉంటే నూటికి 98 మందికి రక్షణ ఉంటుంది. ఒక్కటి పోయినా లేనట్టే. మా పాపకి ఐదో నెలలోనే ఉగ్గు మొదలుపెట్టాం, రాత్రి బాగా పడుకుంటుందని డబ్బా పాలు పట్టాం, ఆరు నెలలు దాటిపోయాయి. డేట్ రాకపోయినా, మూడింటిలో రెండు నాకు పోయాయన్నమాట. ఇంకొకటి, డేట్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి. ముందు అండం విడుదలై, ఆ తర్వాతే డేట్ వస్తుంది. ఆ మొదటి అండానికే కడుపొస్తే మీకు డేట్ కనిపించనే కనిపించదు.

రెండోది, మా ఆయన జాగ్రత్తగా ఉంటారండీ అనే మాట. బయట విడిచేయడం మీద ఆధారపడే జంటల్లో ఏడాది తిరిగేసరికి నూటికి దాదాపు 20 మందికి కడుపొస్తుంది. ఏమీ వాడకపోతే 85 మందికి వస్తుంది కాబట్టి అసలు లేనిదానికంటే నయమే, కానీ ఐదుగురిలో ఒకరంటే మీ వీధిలో మీకు తెలిసిన ఐదుగురిని లెక్కేసుకోండి. సేఫ్ డేస్ లెక్కలదీ ఇంచుమించు అదే కథ. అండం విడుదలయ్యేది వచ్చే డేట్‌కి సుమారు 14 రోజుల ముందు, మగవాళ్ల వీర్యకణాలు లోపల ఐదు రోజుల వరకూ బతికుంటాయి. 28 రోజులకి గడియారంలా వచ్చేవాళ్లకైతే ఏదో లెక్క కుదురుతుంది. ఒక నెల 25, ఒక నెల 36 రోజులకి వచ్చేవాళ్లు క్యాలెండర్ మీద సున్నాలు చుట్టుకుని ఏం లాభం?

బిళ్లలు వాడుతూ కడుపొచ్చినవాళ్లు చాలామంది మందు పనిచేయలేదంటారు. అడిగి చూస్తే ఎక్కడో గ్యాప్ ఉంటుంది. మా బంధువుల అమ్మాయి కొత్తగా పెళ్లయి బిళ్లలు వాడుతోంది, ఆషాఢానికి పుట్టింటికొచ్చింది, ఆయన లేనప్పుడు ఎందుకులే అని ఆపేసింది. శ్రావణంలో తిరిగి వెళ్లాక డేట్‌తో పని లేకుండా మధ్యలో ఒక రోజు చూసుకుని మొదలుపెట్టింది. అలా మధ్యలో మొదలుపెడితే మొదటి ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాలని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. దసరాకి మూడో నెల. ఇంకొందరికి అడ్డు తగిలేవి వేరే మందులు: టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ (మూత్రం ఎర్రగా వస్తుందే, అది), కొన్ని మూర్ఛ మందులు ఈ బిళ్లల బలాన్ని తగ్గించేస్తాయి. ఏ మందు వాడుతున్నా డాక్టరుకి చెప్పండి.

ఇక ఐ-పిల్. చాలామంది దాన్నే కుటుంబ నియంత్రణ అనుకుంటున్నారు, నెలకి రెండు మూడు కొనేవాళ్లూ ఉన్నారు. అది ఏదో పొరపాటు జరిగినప్పుడు, నిరోధ్ చిరిగినప్పుడు వేసుకునేది. కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత ముందు వేసుకుంటే అంత పనిచేస్తుంది, మూడో రోజు దాకా ఆగొచ్చు కదా అని ఆగకూడదు. వేసుకున్న తర్వాత మళ్లీ కలిస్తే దానికి ఆ బిళ్ల కాపలా కాయదు. ఇది అప్పటికే వచ్చిన కడుపుని తీయదు కూడా. తర్వాతి డేట్ వారం దాటి ఆలస్యమైతే కిట్‌తో చూసుకోండి. ఇదే మందు ఆశా దగ్గర, ప్రభుత్వ ఆసుపత్రిలో ఈజీ పిల్ పేరుతో ఊరికే దొరుకుతుంది. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకున్నా ఆపద తప్పుతుంది, పైగా ఇది బిళ్లకంటే గట్టిగా పనిచేస్తుంది, తర్వాత ఏళ్ల తరబడి ఉంటుంది. అయినా ఈ మాట మెడికల్ షాపుల్లో ఎవరూ చెప్పరు, వాళ్లు అమ్మేది బిళ్ల కదా.

చివరిది, ఎండలు తగ్గాక ఆపరేషన్ చేయిద్దాం అనే మాట. మన గుంటూరు ఎండల్లో కుట్లు మానవేమోనని భయం ఉండటం సహజమే. ఫాల్గుణంలో రెండో పురుడు పోసుకుని, ఎండలు పోయాక అనుకుని, తర్వాత మిరప నారు పనులు, తర్వాత పత్తి తీతలు అనుకుంటూ ఆగి, సంక్రాంతికి మూడో కడుపుతో వచ్చినవాళ్ల కథ మా ఏఎన్ఎం గారు ఒకటి కాదు, చాలా చెప్పారు. ఆగండి, తప్పులేదు. కానీ ఆగినన్నాళ్లూ ఏదో ఒకటి వాడుతూ ఆగండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

అబార్షన్ అయ్యాక తర్వాతి డేట్ వరకూ భయం లేదనుకుంటారు. అది తప్పు. మూడు నెలల్లోపు కడుపు పోయినా, తీయించుకున్నా, పది పన్నెండు రోజులకే మళ్లీ అండం విడుదల కావచ్చు. కాబట్టి ఆసుపత్రి నుంచి చేతిలో ఏదో ఒకటి పట్టుకునే బయటికి రావాలి. క్లీనింగ్ (బిళ్లలతో కాకుండా ఆసుపత్రిలో టేబుల్ మీద తీసేయడం) చేయించుకుంటే, ఇన్ఫెక్షన్ లేకపోతే, అదే టేబుల్ మీద కాపర్-టీ వేసేయొచ్చు, మళ్లీ ఇంకోసారి కాళ్లు చాపే బాధ తప్పుతుంది. ఇంజెక్షన్ కానీ బిళ్లలు కానీ ఆ రోజే మొదలుపెట్టొచ్చు. బిళ్లలతో అబార్షన్ చేయించుకుంటే మాత్రం, కాపర్-టీకి మొత్తం బయటికొచ్చేసిందని డాక్టరు చూసి చెప్పేదాకా ఆగాలి, సాధారణంగా రెండు వారాల తర్వాత పిలిచి చూస్తారు. మళ్లీ బిడ్డ కావాలనుకునేవాళ్లు కూడా అబార్షన్ తర్వాత కనీసం ఆరు నెలలు ఆగమని మన ప్రభుత్వ డాక్టర్లు చెబుతారు.

ఇక్కడ ఒక మాట పక్కకి వెళ్లి చెప్పాలి. మెడికల్ షాపుకి మగవాళ్లని పంపి అబార్షన్ కిట్ తెప్పించుకుని ఇంట్లో వేసుకోవడం మానండి. ఎన్ని వారాలో తెలియదు, కడుపు గర్భసంచిలో ఉందో ట్యూబులో ఉందో తెలియదు. ట్యూబులో ఉంటే ఆ బిళ్లలకి పోదు, అది పగిలితే ప్రాణం మీదకి వస్తుంది. స్కాన్ చేయించుకుని, తొమ్మిది వారాల్లోపు అయితే డాక్టరు చూస్తుండగా వాడేవి అవి. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున రెండు గంటలు తడిసిపోయినా, జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. దొంగచాటుగా చేయించుకోవాల్సిన అవసరం కూడా లేదు. 1971 నాటి అబార్షన్ చట్టం, 2021లో మార్చాక, 20 వారాల వరకూ ఒక డాక్టరు అభిప్రాయం చాలంటుంది. వాడిన పద్ధతి ఫెయిలై కడుపొచ్చిందన్న కారణం పెళ్లయినవాళ్లకే కాదు, పెళ్లికాని వాళ్లకీ చెల్లుతుంది. 18 ఏళ్లు నిండిన ఆడమనిషి తన సంతకంతో చేయించుకోవచ్చు, భర్త సంతకం చట్టం అడగదు, ఆసుపత్రి అడిగితే అది వాళ్ల భయం. మీ పేరు బయటపెట్టకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

పురుడైనవాళ్లకి వేరే లెక్క. కాన్పు అయిన 48 గంటల్లోపు కాపర్-టీ వేస్తారు, సిజేరియన్ అయితే అప్పుడే లోపల పెట్టేస్తారు. ఆ సమయం దాటితే ఆరు వారాల తర్వాతే. ఎనిమిదో నెల చెకప్‌లోనే ఫలానాది కావాలని చెప్పి కేస్ షీటులో రాయించుకోండి. నొప్పులు వస్తున్నప్పుడు ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఏది ఎవరికి

కాపర్-టీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా, నేను వాడుతున్నది అదే కాబట్టి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండు రకాలు ఊరికే వేస్తారు, 380ఏ అనేది పదేళ్లు పనిచేస్తుంది, 375 అనేది ఐదేళ్లు. ఏడాదికి వందమందిలో ఒక్కరికి కూడా ఫెయిల్ కాదు. దీని గొప్పదనం ఏంటంటే మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, మర్చిపోయే మనుషులకి ఇదే మందు. తీయించుకున్న నెల నుంచే మళ్లీ కడుపు రావచ్చు, ఐదేళ్లు ఉంటే ఐదేళ్లు ఆగాలని ఏమీ లేదు. వేయడానికి ఐదు పది నిమిషాలు, డేట్ నొప్పి గట్టిగా వచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు నచ్చని సంగతులు. మొదటి మూడు నాలుగు నెలలు నాకు బ్లీడింగ్ బాగా ఎక్కువైంది, నడుం నొప్పి, ఒక నెల ఎనిమిది రోజులు పోయింది. తీయించేస్తానని రెండుసార్లు బయల్దేరాను. ఐదో నెల నుంచి సర్దుకుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువ, అందుకే వేయించుకునే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి, మరీ తక్కువుంటే ముందు దాని సంగతి చూడాలి. డేట్ అప్పుడు ముందునుంచీ ప్యాడ్లు తడిసిపోయేవాళ్లకి ఇది సరిపడకపోవచ్చు. వాళ్లకి ప్రైవేటులో కాపర్-టీ లాంటిదే, హార్మోన్ ఉన్న కాయిల్ వేస్తారు, దాంతో బ్లీడింగ్ తగ్గుతుంది, కాకపోతే ఖర్చు ఎక్కువ. ఒక్కోసారి కాపర్-టీ దానంతట అదే జారి బయటికొచ్చేస్తుంది, మొదటి మూడు నెలల్లో ఇది ఎక్కువ, కాన్పు వెంటనే వేయించుకున్నవాళ్లలో ఇంకా ఎక్కువ. కాబట్టి మొదటి డేట్ అయిపోయాక ఒకసారి చూపించుకోండి, తర్వాత అప్పుడప్పుడు దారం చేతికి తగులుతోందో లేదో చూసుకోండి. దారం తగలకపోతే చూపించుకునేదాకా నిరోధ్. ఇక అది పైకెక్కి గుండెల్లోకి పోతుందనే మాట మా అత్తగారి నోట కూడా విన్నా. గర్భసంచికీ గుండెకీ మధ్య దారే లేదు. గర్భసంచికి చిల్లు పడటం అనేది వేసేటప్పుడు చాలా అరుదుగా జరుగుతుంది, అందుకే చెయ్యి తిరిగిన వాళ్ల దగ్గర వేయించుకోవాలి. కాపర్-టీ ఉండగా నెల తప్పితే మాత్రం అదే రోజు వెళ్లండి, ట్యూబులో కడుపు కాదని తేల్చుకోవాలి.

అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. 2017 నుంచి ప్రభుత్వం ఊరికే ఇస్తోంది. పాలిచ్చే తల్లులు ఆరు వారాల తర్వాత వేయించుకోవచ్చు. ఇంట్లో డబ్బా ఉండదు, బిళ్ల ఉండదు, ఎవరికీ కనపడదు, అందుకే కొందరికి ఇదొక్కటే దారి. వేయించుకున్నచోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు, అలా చేస్తే మందు త్వరగా కరిగిపోతుంది. అసలు చిక్కు బ్లీడింగ్‌తోనే. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, తర్వాత చాలామందికి డేటే ఆగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది ఇంట్లో గోల, చెడు రక్తమంతా లోపలే గడ్డకడుతోందని. లోపల ఏదీ పేరుకోదు. ఆ మందు ఉన్నన్నాళ్లు గర్భసంచిలో పొరే మందంగా పెరగదు, పెరగనిది రాలిపడేదెక్కడ? ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే రెండో డోసుకి మానేసేవాళ్లు సగం మంది మానరని నా నమ్మకం. కానీ ఏడాదిలోపు బిడ్డ కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోకండి, చివరి ఇంజెక్షన్ తర్వాత మళ్లీ కడుపు రావడానికి సగటున ఏడు నుంచి పది నెలలు పడుతుంది. తేదీ దాటితే నాలుగు వారాల వరకూ వేస్తారు, అయినా అంత దూరం లాగొద్దు.

ఛాయ అనే బిళ్ల గురించి మన వైపు తెలిసినవాళ్లు తక్కువ. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో కనిపెట్టింది, 1991లో సహేలి పేరుతో వచ్చింది, ఇందులో హార్మోన్ లేదు. వాంతులు, ఒళ్లు రావడం లాంటివి పడని వాళ్లకి, పాలిచ్చేవాళ్లకి బాగుంటుంది. డేట్ మొదటి రోజున ఒకటి వేసుకోవాలి, అది ఆదివారం అనుకోండి, రెండోది బుధవారం. మూడు నెలలు ఇలా వారానికి రెండు. నాలుగో నెల నుంచి వారానికి ఒక్కటే, ఆ ఆదివారమే. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేసే మా స్నేహితురాలు ఆదివారం తలస్నానం చేసి బిళ్ల వేసుకుంటుంది, అలా కలిపేసుకున్నాక ఒక్క వారం కూడా తప్పలేదట. దీంతో డేట్‌లు దూరం జరుగుతాయి, మొదట్లో టెన్షన్ పడకండి, 15 రోజులు దాటి రాకపోతే మాత్రం పరీక్ష చేసుకోండి. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవాళ్లు, ఈమధ్య కామెర్లు వచ్చినవాళ్లు ఇది వాడకూడదు.

మాలా-ఎన్ రోజూ వేసుకునేది. 28 బిళ్లలు, వాటిలో 21 మందువి, మిగతా ఏడు ఐరన్‌వి, కాబట్టి మధ్యలో ఆపకుండా ఒక షీటు అవ్వగానే ఇంకోటి. డేట్ సరిగ్గా వస్తుంది, బ్లీడింగ్ తగ్గుతుంది, ఇవన్నీ మంచివే. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. వరసగా రెండు మూడు పోతే గుర్తొచ్చినప్పుడు ఒకటి వేసుకుని మిగతావి మామూలుగా కొనసాగిస్తూ ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాలి. ఆరు నెలల్లోపు బిడ్డకి పాలిస్తున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనిపించి తలనొప్పి వచ్చేవాళ్లు, కాలిలో రక్తం గడ్డకట్టినవాళ్లు వాడకూడదు. నాకు ఆ మెరుపుల తలనొప్పి ఉంది కాబట్టే డాక్టరమ్మ ఇది వద్దన్నారు. వాడిన వందమందిలో ఏడాదికి ఏడుగురికి కడుపొస్తుందంటే అది బిళ్ల తప్పు కన్నా మనం మర్చిపోవడమే ఎక్కువ.

నిరోధ్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ప్రతిసారీ, మొదటినుంచీ వాడాలి. ఈసారికి పర్లేదు అనేది ఒక్కసారి వచ్చినా మిగతా వాడకమంతా దండగే. సుఖవ్యాధులు, హెచ్ఐవీ అంటకుండా ఆపేది ఇదొక్కటే, ఇంకే పద్ధతీ ఆపదు.

ఇక పిల్లలు చాలు అని ఇద్దరూ గట్టిగా అనుకున్నవాళ్లకి ఆపరేషన్. ప్రభుత్వ నియమాల ప్రకారం పెళ్లయి, 22 ఏళ్లు నిండి, కనీసం ఒక బిడ్డ ఉండి ఆ బిడ్డకి ఏడాది దాటి ఉండాలి. కాన్పైన ఏడు రోజుల్లోపు, లేదా ఆరు వారాల తర్వాత, లేదా అబార్షన్‌తో పాటే చేస్తారు. నా అభిప్రాయం ఒకటి చెబుతా, నచ్చకపోతే వదిలేయండి: అనుకోని కడుపు తీయించుకున్న బాధలో, ఇక ఈ గొడవే వద్దు అన్న కోపంలో ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. మన దగ్గర పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ అయిపోయినవాళ్లు చాలామంది. తర్వాత బిడ్డకేదైనా అయినా, జీవితం మారినా వెనక్కి తిప్పడం చాలా కష్టం, తిప్పినా కడుపొస్తుందన్న హామీ లేదు. తేల్చుకోలేకపోతే కాపర్-టీ వేయించుకుని ఐదేళ్లు ఆలోచించండి. ఆపరేషన్ అయ్యాక కూడా వెయ్యిలో ఐదుగురికి మొదటి ఏడాదిలో కడుపొస్తుంది. కాబట్టి తర్వాత ఎప్పుడు నెల తప్పినా, ఆపరేషన్ అయిందిగా అని కూర్చోకుండా రెండు వారాల్లోపు చూపించుకోండి. సర్టిఫికెట్ అడిగి తీసుకుని దాచండి, ఫెయిలైతే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, దానికి ఆ కాగితం కావాలి.

మగవాళ్ల ఆపరేషన్ దీనికంటే చిన్నది. కోత లేదు, కుట్టు లేదు, ఆ చోట మత్తు ఇచ్చి చిన్న రంధ్రంతో పావుగంట, అరగంటలో ముగించి అదే రోజు ఇంటికి పంపుతారు. నీరసం రాదు, మగతనం తగ్గదు, రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, వారం దాకా బరువులు ఎత్తకుండా ఉంటే చాలు. ఒక్కటే షరతు, చేసిన వెంటనే పనిచేయదు. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యం పరీక్ష చేయించి, ఏమీ లేదని తేలాకే ధైర్యం. ఇంత తేలికైనదాన్ని మన రాష్ట్రంలో చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, అదే సర్వేలో ఉంది. మా ఆయన్ని అడిగితే ఇప్పటిదాకా టాపిక్ మారుస్తూనే ఉన్నారు.

ఇంట్లో, ఆసుపత్రిలో

ఏ పద్ధతికీ భర్త సంతకం అక్కర్లేదు, ఆడవాళ్ల ఆపరేషన్‌కి (ట్యూబెక్టమీ) కూడా. కలిసి మాట్లాడుకోగలిగితే అంతకంటే మంచిది లేదు, ఈ బ్లీడింగ్ మార్పులు ఆయనకీ ముందే తెలిస్తే తర్వాత వంకలు రావు. మాట్లాడే పరిస్థితి లేని ఇళ్లూ ఉన్నాయి, వాళ్లని నువ్వు ధైర్యంగా చెప్పు అనడం నాకు ఇష్టం లేదు. వాళ్లు ఏఎన్ఎం గారితో విడిగా, అత్తగారు లేనప్పుడు, విషయం చెప్పండి. అంతర కార్డుని కూడా సెంటర్‌లోనే ఉంచమని అడగొచ్చు.

వెళ్లాల్సింది పెద్దాసుపత్రికే అనుకోనక్కర్లేదు. నిరోధ్, బిళ్లలు ఆశా దగ్గరే దొరుకుతాయి. ఇంజెక్షన్‌కీ కాపర్-టీకీ ముందు మీ పీహెచ్‌సీలో, టౌన్‌లో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి, అక్కడ కుదరకపోతే గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) గైనిక్ ఓపీకి, విజయవాడ వాళ్లయితే హనుమాన్‌పేట పాత ప్రభుత్వాసుపత్రికి పొద్దున్నే వెళ్లి చీటీ రాయించుకోండి. డబ్బు పెట్టుకోగలిగితే గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో అడుగడుక్కీ గైనకాలజిస్టులే. ఎక్కడికెళ్లినా చివరి డేట్ తేదీ, కాన్పులు అబార్షన్లు ఎన్ని, ఎప్పుడు, వాడుతున్న మందులు, బీపీ, షుగర్, తలనొప్పి, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. లోపలికెళ్లాక రెండు నిమిషాలే దొరుకుతాయి, అందులో ఒక నిమిషం మన సిగ్గుకే పోతుంది. మూడు ప్రశ్నలు మాత్రం అడగకుండా లేవొద్దు: ఇది ఈ రోజు నుంచే పనిచేస్తుందా లేక ఇన్ని రోజులు ఆగాలా, డేట్‌లో ఏం తేడా వస్తుంది, ఏది కనిపిస్తే వెంటనే రావాలి. ఇది పడకపోతే మార్చుకోవచ్చా అని కూడా అడగండి. మార్చుకోవచ్చు, కానీ ఒకటి ఆపిన రోజే ఇంకోటి మొదలవ్వాలి.

కాపర్-టీ వేశాక ఒక చిన్న కార్డు ఇస్తారు, వేసిన తేదీ, రకం, తీయించాల్సిన ఏడాది దాని మీద ఉంటాయి. ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి, పదేళ్ల తర్వాత ఎప్పుడు వేశారో మనకి గుర్తుండదు. నాది 2021లో వేశారు, కార్డు మీద 2031 అని ఉంది. పాప బర్త్ సర్టిఫికెట్ పెట్టిన కవరులోనే దాన్నీ పెట్టా.